పత్తి కట్టెను కాల్చకుండా పొలానికి ఎరువుగా మార్చడం ఎలా?

చివరి పత్తి తీత అయిపోగానే పెన్‌గంగ నదికి అటూ ఇటూ ఉన్న చేలలో పొగ లేస్తుంది. పీకిన కట్టెలో కొంత వంటచెరకుగా ఇంటికి చేరుతుంది, మిగిలింది గట్టు మీదే బూడిదవుతుంది. నాలుగు నెలలు తిరక్కుండానే అదే రైతు అప్పు చేసి యూరియా, డీఏపీ బస్తాలు కొంటాడు. ఎకరం పత్తి దాదాపు ఒక టన్ను కట్టెను మిగులుస్తుంది. నల్లరేగడి నుంచి పైరు తీసుకున్న బలంలో కొంత ఆ కట్టెలో ఉంటుంది. దాన్ని తగలబెడితే నత్రజని, కర్బనం గాలిలో కలిసిపోతాయి.

దీన్ని ఆపే పద్ధతి కోసం దూరం వెళ్లనక్కర్లేదు. అది మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పుసద్ ప్రాంతంలోనే రూపుదిద్దుకుంది. నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే అనే గాంధేయవాది తయారుచేసిన ఈ కంపోస్టు తొట్టిని ఆయన పేరులోని అక్షరాలతోనే నాడెప్ అంటారు. దీని గొప్పదనం ఒక్కటే: పేడ చాలా తక్కువ పడుతుంది. నూరు కిలోల పేడతో మూడు టన్నుల దాకా ఎరువు వస్తుంది. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చి కొట్టాలు ఖాళీ అవుతున్న ఈ రోజుల్లో అది చాలా పెద్ద విషయం.

కిన్వట్, మాహుర్, పాండర్‌కవడా, రాజురా, సిరోంచ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలకు వ్యవసాయ శాఖ కరపత్రాలు మరాఠీలోనే అందుతాయి. ఇంట్లో పెద్దావిడకు వాటిని చదివి చెప్పేవాళ్లు ఉండరు. తొట్టిలో పేడనీళ్లు చల్లేది, ఆకు మోసేది చాలాచోట్ల ఆవిడే కాబట్టి ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడం అవసరం.

ముందు పొయ్యి దగ్గర మొదలుపెట్టండి

పత్తి కట్టె ఆ ఇంటికి ఏడాది పొడవునా వంటచెరకు. అది తెలియకుండా కట్టె కాల్చవద్దని చెబితే ఎవరూ వినరు, వినకపోవడం న్యాయమే. అందుకే ముందు ఇంటి ఇల్లాలితో కూర్చుని లెక్క వేయాలి. నెలకు ఎన్ని మోపులు పొయ్యికి పోతాయి, గ్యాస్ బండ ఎన్నాళ్లకు ఒకసారి నింపించుకోగలుగుతున్నారు, పిడకలకు ఎంత పేడ పోతోంది అని అడగండి. కనెక్షన్ ఉన్నా బండ నింపించడానికి డబ్బు లేక మళ్లీ కట్టెల పొయ్యి రాజేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

మధ్యే మార్గం ఇది. మొదళ్ల దగ్గరి లావు కట్టె ఎలాగూ త్వరగా కుళ్లదు, దాన్ని పొయ్యికి ఉంచండి. సన్నని కొమ్మలు, ఆకు, ఖాళీ కాయ డొప్పలు తొట్టికి ఇవ్వండి. పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి కట్టుకుంటే కట్టె ఖర్చు తగ్గుతుంది, వంట చేసేవారి కళ్లకూ ఊపిరితిత్తులకూ హాయి. పిడకల పేడలో రోజుకు రెండు దోసిళ్లు పక్కన పెట్టినా నెల తిరిగేసరికి తొట్టి నింపడానికి కావలసినంత పోగవుతుంది. అది ఎండిపోకుండా నీడలో గోనెసంచి కప్పి ఉంచాలి.

గులాబీ రంగు పురుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెరుచుకోకుండా ఎండిపోయిన గుడ్డికాయల్లో ఆ పురుగు నిద్రావస్థలో బతికే ఉంటుంది. వేసవి అంతా ఇంటి పక్కన కుప్పగా పెట్టిన కట్టె నుంచే అది వచ్చే పంటకు పాకుతుంది. కాబట్టి జనవరి దాటకుండా కట్టె పీకేయండి. గుడ్డికాయలను విడిగా ఏరి, వాటిని మాత్రం కాల్చేయండి. పొలంలో నేను సమర్థించే మంట అదొక్కటే.

తొట్టి కట్టడం

చోటు పొలం గట్టు మీదైనా ఇంటి వెనకైనా పరవాలేదు. అయితే నీళ్లకు దగ్గరగా ఉండాలి, వాననీరు నిలవకూడదు, చెట్టు నీడ ఉంటే మేలు. లోపలి కొలత పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, ఎత్తు 3 అడుగులు. గోడ 9 అంగుళాల మందం. అడుగున ఇటుకలు పరవాలి. గోడను బంకమట్టితోనే కట్టవచ్చు, కూలిపోకుండా పై వరసకు మాత్రం సిమెంటు వాడండి.

అసలు కిటుకు గోడలోని కిటికీల్లో ఉంది. మూడో, ఆరో, తొమ్మిదో వరసల్లో ప్రతి రెండు ఇటుకలకు ఒకచోట 7 అంగుళాల ఖాళీ వదలాలి. ఒక వరసలోని ఖాళీ పై వరసలోని ఖాళీకి నేరుగా కిందికి రాకూడదు. ఈ కిటికీల గుండా గాలి లోపలికి పోతేనే సూక్ష్మజీవులు పనిచేస్తాయి. గాలి ఆడకపోతే లోపల కుళ్లు కంపు తప్ప ఎరువు ఉండదు. మేస్త్రీ బలం కోసమని వాటిని మూసేస్తానంటే ఒప్పుకోకండి.

ఇటుకలు కొనే స్తోమత లేకపోతే వెదురు తడకతో అదే కొలతల్లో కట్టుకోవచ్చు. గడ్చిరోలి వైపు వెదురుకు కొదవ లేదు, లావు పత్తి కట్టెను అల్లినా సరిపోతుంది. అది ఒకటి రెండేళ్లే నిలుస్తుంది, కానీ ఎరువు నాణ్యతలో పెద్ద తేడా ఉండదు. అప్పు చేసి మాత్రం ఇటుక తొట్టి కట్టవద్దు. ఉపాధి హామీ పనుల్లో నాడెప్ తొట్లు చాలాకాలంగా ఉన్నాయి. ఈ ఏడాది అవకాశం ఎలా ఉందో గ్రామపంచాయతీలో అడిగి తెలుసుకోండి.

ఏమేమి పోగు చేయాలి?

చెత్త 1400 నుంచి 1500 కిలోలు, పేడ 90 నుంచి 100 కిలోలు, జల్లించిన ఎండు మట్టి ఒక ట్రాక్టరు ట్రాలీ, నీళ్లు 1500 నుంచి 2000 లీటర్లు. మట్టిలో గాజుపెంకులు, ప్లాస్టిక్ ఉండకూడదు. పశువుల కొట్టంలో మూత్రం పీల్చుకున్న మట్టి దొరికితే అంతకన్నా మంచిది లేదు.

పత్తి కట్టె ఒక్కటే వేస్తే నాలుగు నెలల్లో ఎరువు కాదు. అందులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ, పైగా గట్టి నార. రెండు పనులు చేయాలి. మొదటిది, అంగుళం రెండు అంగుళాల ముక్కలుగా నరకడం. ష్రెడ్డర్ యంత్రం అద్దెకు దొరికితే మేలు, లేకపోతే పశుగ్రాసం కోసే యంత్రంలో సన్న కొమ్మలు పడతాయి. రెండోది, మెత్తటి పచ్చి ఆకు కలపడం. గ్లైరిసీడియా, తంగేడు, జీలుగ, కంది ఆకు, సోయా పొట్టు, ఏదైనా సరే, సగం దాకా ఉంటే మంచిది. గట్ల మీద పెరిగే వయ్యారిభామనూ వాడవచ్చు. పూత రాకముందే పీకాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. పూత వచ్చిన మొక్క వేస్తే విత్తనాలను మనమే పొలమంతా చల్లినట్టు అవుతుంది.

వంటింటి కూరగాయ తొక్కలు, ఊడ్చిన ఆకు, బూడిద కొద్దిగా, అన్నీ ఇందులోకే. మాంసం, నూనె జిడ్డు వద్దు.

నింపే రోజు

నింపడం ఒక్క రోజులో, మహా అయితే రెండు రోజుల్లో పూర్తి కావాలి. రోజుకో బుట్ట చొప్పున వేస్తూ పోతే లోపల వేడి పుట్టదు. నలుగురు మనుషులను పిలుచుకోండి.

ముందు తొట్టి అడుగూ గోడలూ పేడనీళ్లతో తడపాలి. తర్వాత మొదటి పొరగా చెత్త 6 అంగుళాల ఎత్తు, అంటే దాదాపు 100 కిలోలు పరవాలి. రెండో పొర, 4 కిలోల పేడను 125 నుంచి 150 లీటర్ల నీళ్లలో కలిపి చెత్త అంతా తడిసేలా చల్లాలి. మూడో పొర, 50 నుంచి 60 కిలోల మట్టిని సమంగా చల్లి, పైన కాసిని నీళ్లు చిలకరించాలి. ఇదే వరసలో పది పన్నెండు సార్లు వేస్తూ పోవాలి. చెత్తను కాళ్లతో గట్టిగా తొక్కితే గాలి పోతుంది, చేత్తో సర్దితే చాలు.

తొట్టి అంచు దాటాక కూడా ఆపకండి. మధ్యలో ఎత్తుగా, గుడిసె కప్పులా, అడుగున్నర పైకి వచ్చేదాకా వేయాలి. ఆ పైన మూడు అంగుళాల మట్టి కప్పి పేడతో అలకాలి. ఊళ్లో అలుకు చేయి తిరిగిన ఆడవాళ్లు ఈ పని ఎవరికన్నా బాగా చేస్తారు.

పదిహేను ఇరవై రోజులకు లోపలి సరుకు కుంగి అంచు కన్నా 8, 9 అంగుళాలు కిందికి దిగుతుంది. అది మంచి గుర్తు. అలుకు తీసి, అదే క్రమంలో మళ్లీ నింపి, మళ్లీ అలకాలి. కుంగకపోతే తడి చాలలేదని అర్థం.

తర్వాత పని ఓపిక. అలుకు పగిలితే పేడమట్టితో పూడ్చాలి, కిటికీల్లోంచి నీళ్లు చిలకరించి తేమ నిలపాలి, మొలిచిన గడ్డి పీకేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండలకు తొట్టి ఇట్టే ఎండిపోతుంది, పైన తాటాకో గడ్డో కప్పండి. ఆ నెలల్లో తాగడానికే నీళ్లు కరువైన ఊళ్లలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, సబ్బు కలవని నీళ్లు ఇందుకు చాలా పనికొస్తాయి. ఇంటి గుమ్మంలో వృథాగా పారే ఆ నీళ్లను ఒక డ్రమ్ములో పట్టి ఉంచితే సరి.

మూడు నుంచి నాలుగు నెలలకు సరుకు ముదురు గోధుమ రంగుకు తిరిగి, తడిమట్టి వాసన వేస్తుంది. పేడ వాసన ఉంటే ఇంకా పక్వానికి రాలేదు. జనవరి చివర నింపితే మే చివరకు సిద్ధం, అంటే మృగశిర కార్తెకు ముందు పొలానికి చేరుతుంది. ఈ లెక్క కుదరడం వల్లే పత్తి రైతుకు నాడెప్ అంత బాగా సరిపోతుంది.

పొలంలో ఎలా వాడాలి?

ఒక తొట్టి ఎరువు ఒక ఎకరానికి. దీనికన్నా ఎక్కువ చెప్పేవాళ్లను నమ్మకండి. ఐదెకరాలున్న రైతు మొదటి ఏడాది ఒక ఎకరాన్నే ఎంచుకుని దానికే వేయాలి. ఎండలో పరిచి వదిలేయకుండా దుక్కిలో వెంటనే కలపాలి, లేదా సాళ్లలో విత్తనం పక్కన వేయాలి. జల్లెడ పట్టినప్పుడు మిగిలిన ముక్కలు మళ్లీ తొట్టికి పోతాయి.

యూరియాను ఒక్కసారిగా మానేయమని నేను చెప్పను. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల నత్రజని ఉంటుంది, పైరుకు వెంటనే అందుతుంది. కంపోస్టులోనిది మెల్లగా రెండు మూడేళ్లపాటు విడుదలవుతుంది. మొదటి ఏడాదే అంతా మానేసి దిగుబడి పడిపోతే ఆ కుటుంబం ఎలా తట్టుకుంటుంది? ఆ ఎకరంలో మోతాదును కొద్దిగా తగ్గించి చూడండి, మట్టి పరీక్ష చేయించండి, ఏటా ఇంకొంచెం తగ్గించండి. వర్షాధారపు నల్లరేగడిలో ఎరువు విలువ నత్రజనితోనే ముగియదు. నేల గుల్లబారి తేమను పట్టి ఉంచుతుంది. ఆగస్టులో వానలు ముఖం చాటేసినప్పుడు ఆ ఎకరానికీ పక్క ఎకరానికీ ఆకు వాడిపోవడంలో తేడా ఉందేమో గమనించండి.

యూరియా తగ్గించమనడానికి ఇంకొక కారణం ఉంది, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. నత్రజని ఎక్కువై ఏపుగా పెరిగిన పత్తి మీదికి రసం పీల్చే పురుగులు ఎక్కువగా వస్తాయి, దానితో పిచికారీలు పెరుగుతాయి. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. తొట్టి ఎరువు ఒక్కటే దాన్ని ఆపదు. కానీ పైరును అదుపులో పెంచి, మొదటి పిచికారీలను 100 లీటర్ల నీటికి 5 కిలోల వేప గింజల పప్పు పొడి నానబెట్టి తీసిన కషాయంతో చేస్తే, ఘాటు మందుల డబ్బా తెరిచే సందర్భాలు తగ్గుతాయి. తెరవక తప్పనప్పుడు ముఖానికి కట్టు, చేతికి తొడుగులు లేకుండా కూలీని చేలోకి పంపకండి. అది ఆ పొలం యజమాని బాధ్యత.

పక్కవారిని ఎలా కలుపుకోవాలి?

సభ పెట్టి ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఒక తొట్టిని అందరికీ కనిపించే దారి పక్కన కట్టడం మేలు. నింపే రోజు, తెరిచే రోజు పది మందిని పిలవండి. తెరిచిన ఎరువును చేతిలోకి తీసుకుని వాసన చూసిన రైతుకు వేరే మాట చెప్పనక్కర్లేదు.

ష్రెడ్డర్ ఒక్క రైతు కొనగలిగేది కాదు. మహిళా బచత్ గట్‌లు (పొదుపు సంఘాలు) కలిసి ఒకటి తెచ్చుకుని, గంటకు ఇంత అని అద్దెకు ఇస్తే ఊరంతటికీ సరిపోతుంది, గట్‌కూ ఆదాయం. భూమి లేనివాళ్లను మరిచిపోవద్దు. గట్ల మీది వయ్యారిభామ పీకి తెచ్చేవారికి, తొట్టి నింపేవారికి కూలి ఇవ్వాలి. పర్యావరణం పేరు చెప్పి ఉచితంగా చేయించుకుంటే ఆ పని రెండో ఏడాదికి ఆగిపోతుంది.

సాంకేతిక సందేహాలకు కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ ప్రాంతాల వారికి సగ్రోళిలోని కేంద్రం దగ్గర. మరాఠీ వచ్చిన పిల్లల్లో ఒకరిని వెంట తీసుకెళ్లి, విన్నది ఇంటికొచ్చాక పెద్దవాళ్లకు తెలుగులో చెప్పించండి.

అక్టోబరులో సోయా కోతలయ్యాక పొట్టు దండిగా ఉంటుంది, నేలలో తడి ఉంటుంది. అప్పుడు రెండోసారి నింపితే వేసవి కూరగాయలకు, పెరట్లోని వంగ, బెండ, తోటకూర మళ్లకు ఎరువు అందుతుంది. మొదటి తొట్టి ఖాళీ చేసేటప్పుడు పది పదిహేను తట్టల పాత ఎరువును నీడలో దాచి ఉంచండి. కొత్త పొరల మధ్య దాన్ని గుప్పెడు గుప్పెడు చల్లితే తోడులా పనిచేసి, రెండో తొట్టి మొదటిదాని కన్నా ముందే పక్వానికి వస్తుంది.