ట్యూబ్ ఆంప్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

ట్యూబ్ ఆంప్, అంటే పాత రేడియోల్లోలా గాజు వాల్వ్ ట్యూబ్‌లతో పనిచేసే గిటార్ ఆంప్లిఫైయర్, కొందామనుకునే గిటారిస్టులు నాకు పంపే ఫొటోలన్నీ ముందువైపువే. గ్రిల్ గుడ్డ, లోగో, మెరిసే నాబ్‌లు. నేను వెనకవైపు ఫొటో పంపమని అడుగుతాను. సికింద్రాబాద్‌లో ఇలాంటి ఆంపులు బాగుచేయడం నా పని, గిటార్ కూడా వాయిస్తాను. సౌండ్ ముఖ్యం కాదని అనడం లేదు. కానీ స్పీకర్ మారిస్తే సౌండ్ మారుతుంది, ట్యూబ్‌లు మారిస్తే ఇంకాస్త మారుతుంది. వెనక ప్యానెల్ మీద లేని జాక్‌ని, ట్రాన్స్‌ఫార్మర్‌లో లేని వోల్టేజ్ ట్యాప్‌ని (ఏ వోల్టేజ్‌కి కలపాలో ఎంచుకునే కనెక్షన్‌ని) తర్వాత తెచ్చిపెట్టడం చాలా కష్టం. డిజైన్ చేసినవాళ్లు చీకటి స్టేజ్ మీద నిలబడే మనిషిని దృష్టిలో పెట్టుకున్నారా లేదా అన్నది ఇలాంటి చిన్న విషయాల్లోనే బయటపడుతుంది. నేను చూసే వరసలోనే చెబుతాను.

మొదట కరెంటు. వెనక ప్యానెల్ మీద వోల్టేజ్ ఎంత రాసి ఉందో చదవండి. మన దగ్గర 230 వోల్టులు అంటారు కానీ, అర్ధరాత్రి లోడు తగ్గాక మీటర్ 245, 250 చూపించడం నాకు మామూలే. ట్యూబ్ లోపలి హీటర్‌కి 6.3 వోల్టులు కావాలి, దానికి పది శాతం అటూఇటూ పర్వాలేదు. అంటే పైన సుమారు 6.9 దాకా. ట్రాన్స్‌ఫార్మర్ 220 ట్యాప్ మీద ఉండి ఇంట్లో 250 వస్తుంటే హీటర్‌కి దాదాపు 7.2 వోల్టులు అందుతాయి. అదే 240 ట్యాప్ ఉంటే 6.6 దగ్గర ఆగుతుంది. 220, 230, 240 మధ్య మార్చుకునే వీలున్న ఆంప్ కనబడితే నాకు ఆ కంపెనీ మీద గౌరవం పెరుగుతుంది. ట్యూబ్‌ల ఆయుష్షు మీద ఈ ఒక్క ట్యాప్ ప్రభావం చాలా ఉంటుంది. కొన్నాక రాత్రిపూట ఒకసారి, సాయంత్రం ఒకసారి మీ ఇంటి కరెంటు కొలిచి, దానికి దగ్గరి ట్యాప్‌లో పెట్టించండి.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన 120 వోల్టుల ఆంప్ అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. లేబుల్ మీద 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. కేవలం 60 అని ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. స్టెప్‌డౌన్ పెట్టె కూడా, ఆంప్ కరెంటు నుంచి తీసుకునే వాట్‌ల కంటే ఒకటిన్నర రెట్లు పెద్దది తీసుకోండి. దాని ఎర్త్ పిన్ను ఇటు నుంచి అటు కలిసి ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి, చాలా చవక పెట్టెల్లో అది ఎక్కడికీ కలిసి ఉండదు. హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ప్లగ్‌లో మూడోదైన ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లని చూస్తూనే ఉన్నాను. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. మీ చెయ్యి స్ట్రింగ్స్ మీద, పెదవి మైక్ మీద ఉంటుంది, షాక్ కొడితే మీ ఒంటి గుండానే పోతుంది. హమ్ తగ్గించడానికి డీఐ బాక్స్‌లో (సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టెలో) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, దాన్ని వాడండి.

పవర్ కార్డు ఆంప్‌కే అతికి ఉండకుండా, కంప్యూటర్‌కి వాడే కార్డులా ఊడదీసేలా ఉంటే మేలు. అది పోతే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఫ్యూజ్ బయటి నుంచే మార్చేలా ఉండాలి, ఎన్ని ఆంపియర్లదో పక్కనే రాసి ఉండాలి. కొన్నిటిలో మెయిన్స్ ఫ్యూజ్‌తో పాటు హెచ్‌టీ (లోపలి హై వోల్టేజ్) ఫ్యూజ్ అని ఇంకొకటి ఉంటుంది. స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబ్ షార్ట్ అయినప్పుడు అది పోయి అసలు ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుతుంది. స్లో బ్లో (నిదానంగా కరిగే) ఫ్యూజ్‌లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, నాలుగు కొని గిటార్ కేసులో పడేసుకోండి.

తర్వాత స్పీకర్ జాక్‌లు. స్పీకర్ కలపకుండా ట్యూబ్ ఆంప్ మోగిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ విపరీతంగా లేచి లోపలి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి షార్ట్ ప్రమాదం, ట్యూబ్ ఆంప్‌కి ఖాళీగా వదలడం ఎక్కువ ప్రమాదం. 1960ల ఫెండర్ కంపెనీ ఆంపుల్లో ఇందుకో చక్కటి ఏర్పాటు ఉంది: ప్లగ్ పెట్టనప్పుడు మెయిన్ స్పీకర్ జాక్ తనంతట తానే షార్ట్ అవుతుంది. ఎవరైనా పొరపాటున స్పీకర్ వైరు పీకేసినా ఆంప్ వెంటనే పోదు. దానికి అయ్యే అదనపు ఖర్చు ఒక స్విచ్ ఉన్న జాక్, అంతే.

ఇంకో మంచి అలవాటు, జాక్‌ల దగ్గర ఓమ్‌లు మాత్రమే కాకుండా ‘16 ఓమ్ ఒకటి’, ‘8 ఓమ్ ఒకటి లేదా 16 ఓమ్ రెండు’ అని పూర్తిగా రాయడం. ప్రోగ్రామ్‌కి పది నిమిషాల ముందు, టెన్షన్‌లో, ఎవరిదో స్పీకర్ కేబినెట్ తగిలించేటప్పుడు లెక్కలు వేయాల్సిన పని ఉండదు. లోపలి స్పీకర్ కూడా సోల్డర్ చేసి కాకుండా ప్లగ్‌తో కలిసి ఉంటే అదే కాంబోని (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నదాన్ని) పెద్ద కేబినెట్‌తో వాడుకోవచ్చు. ఇక్కడ గిటార్ కేబుల్ పెట్టకండి, స్పీకర్ కేబులే కావాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, బయాస్ టెస్ట్ పాయింట్లు. మీరు ఏమీ వాయించకుండా ఉన్నప్పుడు పవర్ ట్యూబ్ ఎంత కరెంటు లాగాలో నిర్ణయించేది బయాస్. తక్కువైతే సౌండ్ పొడిగా, గీసినట్టు ఉంటుంది. ఎక్కువైతే లోపలి ప్లేట్ ఎర్రగా కాలి ట్యూబ్ చచ్చిపోతుంది. ట్యూబ్‌లు మార్చిన ప్రతిసారీ దీన్ని చూసుకోవాలి. చాలా ఆంపుల్లో ఇందుకోసం ఛాసిస్ (సర్క్యూట్ బిగించిన లోహపు పెట్టె) బయటికి తీయాలి. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉండవచ్చు. బ్లీడర్ రెసిస్టర్ పెట్టిన డిజైన్‌లో అది తనంతట తానే దిగిపోతుంది, అయినా మీటర్‌తో చూడకుండా నేను చెయ్యి పెట్టను. ఈ పని తెలియనివాళ్లు లోపల అసలు ముట్టుకోకూడదు.

ఆలోచించి చేసిన ఆంప్‌లో ఒక్కో పవర్ ట్యూబ్ క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) కింద 1 ఓమ్ రెసిస్టర్ వేసి, దాని కొసని వెనక ప్యానెల్ మీద చిన్న రంధ్రంగా బయటికి తెస్తారు. 1 ఓమ్ మీద 1 మిల్లీవోల్ట్ కనబడితే 1 మిల్లీఆంప్ పారుతున్నట్టు, లెక్క అంత సులువు. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, స్పీకర్ కలిపి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, ఆంప్ వేడెక్కాక కొలవండి. పక్కనే ఉన్న స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పాలి. ఎంత రావాలో ప్యానెల్ మీదే రాసి ఉంటే ఇంకా మంచిది. ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకోండి: ఈఎల్34 అనే పవర్ ట్యూబ్ ప్లేట్ తట్టుకునేది 25 వాట్లు, అందులో 70 శాతం అంటే 17.5 వాట్లు. ప్లేట్ వోల్టేజ్ 450 అయితే, 17.5ని 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీఆంపులు. 6ఎల్6జీసీ అనే ఇంకో పవర్ ట్యూబ్ 30 వాట్లది కాబట్టి అదే వోల్టేజ్ దగ్గర 47 వస్తుంది. ఇవి దాటకూడని హద్దులు, చేరుకోవాల్సిన గమ్యాలు కావు. ఇంకాస్త తక్కువలో సౌండ్ మీకు నచ్చితే అక్కడే ఆపండి. రెండు ట్యూబ్‌లకి రెండు స్క్రూలు విడివిడిగా ఇస్తే సరిగ్గా జత కుదరని ట్యూబ్‌లు కూడా పనికొస్తాయి. మన దగ్గర మ్యాచ్‌డ్ జతలు తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఇది నిజంగా డబ్బు మిగిల్చే విషయం. వాక్స్ ఏసీ30, ఫెండర్ చాంప్ లాంటి క్యాథోడ్ బయాస్ (బయాస్ తనంతట తానే కుదురుకునే) ఆంపులకి ఈ సర్దుబాటే అక్కర్లేదు.

ట్యూబ్‌ల దగ్గరికి వచ్చాం కాబట్టి అక్కడే ఆగి చూడండి. కాంబోల్లో ట్యూబ్‌లు తలకిందులుగా వేలాడుతుంటాయి. ఆటో గుంతల్లో ఎగిరితే జారిపోకుండా పట్టుకునే స్ప్రింగ్ క్లిప్పులు ఉండాలి. సాకెట్లు సిరామిక్‌వి, ఛాసిస్‌కి బిగించినవి అయితే మంచిది. వేడి ట్యూబ్‌లు నేరుగా సర్క్యూట్ బోర్డు మీద కూర్చుంటే బోర్డు ఏళ్ల తరబడి మాడి, సోల్డర్ పగిలిపోతుంది. కేబినెట్ లోపల ఏ ట్యూబ్ ఎక్కడో చెప్పే కాగితం అతికించడం ఫెండర్ పాత అలవాటు, ఇప్పటికీ అది చూస్తే పని సగం తగ్గుతుంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు ఈఎల్84 పవర్ ట్యూబ్, ఈసీసీ83 ప్రీఆంప్ ట్యూబ్ తయారు చేసేది. ఈసీసీ83 అంటే 12ఏఎక్స్7కి యూరప్ పేరే. మీ తాతగారి వాల్వ్ రేడియో అటక మీద ఉంటే పారేయకండి, అందులో ఈఎల్84 ఉండే అవకాశం ఉంది. కొత్త ట్యూబ్‌లు ఇప్పుడు స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి.

ముందువైపుకి ఇప్పుడు రండి. నాబ్ ఎక్కడ ఉందో రెండు మీటర్ల దూరం నుంచి, మసక వెలుగులో తెలియాలి. కోడితల ఆకారం నాబ్‌లు ఇందుకే ఇన్నేళ్లుగా నిలిచాయి. చేత్తో తడిమినా ముక్కు ఎటు ఉందో తెలుస్తుంది. నల్లటి గుండ్రటి నాబ్ మీద సన్నటి గీత ఉంటే మాత్రం తెల్ల పెయింట్ చుక్క పెట్టుకోండి.

రెండు ఇన్‌పుట్ జాక్‌లు ఉంటే రెండోది వృథా అనుకోవద్దు. ఫెండర్ పద్ధతిలో రెండోది సిగ్నల్‌ని సుమారు 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది. హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న, సిగ్నల్ బలంగా ఇచ్చే పికప్) గిటార్‌తో క్లీన్ సౌండ్ త్వరగా పగిలిపోతుంటే అందులో పెట్టి చూడండి. సన్నటి పై స్వరాలని పెంచే బ్రైట్ స్విచ్ వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడే బాగా వినబడుతుంది, వాల్యూమ్ పెంచేకొద్దీ దాని ప్రభావం పోతుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్ వైబ్రాటో చానెల్‌లో ఇదే పని చేసే 47 పికోఫారడ్ కెపాసిటర్ శాశ్వతంగా ఉంటుంది, దానికి స్విచ్ లేదు. తీక్షణమైన సింగిల్ కాయిల్ పికప్‌లు వాడేవాళ్లకి స్విచ్ ఉండటమే మేలని నా అభిప్రాయం.

పవర్ తగ్గించే స్విచ్ గురించి అమ్మేవాళ్లు చాలా చెబుతారు. 50 వాట్లు 25 చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే, పక్కింటివాళ్లకి తేడా తెలియదు. చెవికి సగం అనిపించాలంటే పదో వంతుకి దిగాలి. కాబట్టి 15 నుంచి 1 వాట్‌కి దించే స్విచ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి పనికొస్తుంది, సగం చేసేది కాదు. ట్యూబ్‌లని వేడిగానే ఉంచి సౌండ్ మాత్రం ఆపే స్టాండ్‌బై స్విచ్‌ని పాటల మధ్య మ్యూట్‌గా వాడుకోండి, గంటల తరబడి అందులో వదిలేయడం ట్యూబ్‌లకి మంచిది కాదు.

ఎత్తి చూడకుండా కొనకండి. ట్రాన్స్‌ఫార్మర్లు ఒక పక్కకి ఉంటే, హ్యాండిల్ సరిగ్గా మధ్యలో పెట్టిన పెట్టె మోకాలికి కొట్టుకుంటూ ఉంటుంది. బరువు చూసుకుని హ్యాండిల్ జరిపినవాళ్లు మోసి చూసి పెట్టారన్నమాట. ఫెండర్ ట్విన్ రివర్బ్ 29 కిలోల దాకా ఉంటుంది, లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ప్రాక్టీస్ అయితే ముందే ఆలోచించుకోండి. దాని పక్కన ఉండే వాల్చే కాళ్లు మాత్రం నాకు చాలా నచ్చుతాయి. పెట్టెని వెనక్కి వాల్చితే స్పీకర్ మీ మోకాళ్లకి కాకుండా చెవులకి వినిపిస్తుంది, అనవసరంగా వాల్యూమ్ పెంచరు. పెట్టె ప్లైవుడ్‌దా, నొక్కిన పొట్టు చెక్కదా చూడండి. విశాఖ, కాకినాడ వైపు తేమకి పొట్టు చెక్క అంచులు ఉబ్బి స్క్రూలు పట్టు వదిలేస్తాయి.

చివరికి ఆన్ చేయండి. గిటార్ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో వినండి, సన్నటి హమ్ తప్ప ఏమీ ఉండకూడదు. ఒక్కో నాబ్ మెల్లగా తిప్పండి. గరగరమంటే దుమ్ము కావచ్చు, స్ప్రే కొట్టాక కూడా పోకపోతే సిగ్నల్‌ని ఒక దశ నుంచి ఇంకో దశకి పంపే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోందని అనుమానించాలి. వాల్యూమ్ కొంచెం పెంచి ప్రీఆంప్ ట్యూబ్‌లని (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే చిన్న ట్యూబ్‌లని) పెన్సిల్‌తో మెల్లగా తట్టండి, గంటలా మోగే ట్యూబ్ ఉంటే దాని ధర బేరంలో తగ్గించండి. ఫుట్‌స్విచ్ ఇస్తున్నారో లేదో అడగండి. దానికి మామూలు జాక్ ఉంటే తెగిన రోజు గిటార్ కేబుల్‌తోనే గడిచిపోతుంది. ఆ కంపెనీకే ప్రత్యేకమైన ప్లగ్ అయితే, ఒరిజినల్ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.