కట్టేసి వచ్చిన తెరచాప పడవ మునిగిపోకుండా: గాలివానల కాలానికి ముందు జాగ్రత్తలు

కట్టేసిన పడవ మునగాలంటే పెద్ద గండే పడనక్కర్లేదు. ఏదో ఒక గొట్టం దగ్గర చుక్కచుక్కగా నీరు కారుతుంది. కొన్ని వారాలకు పడవ ఓ రెండంగుళాలు కిందికి దిగుతుంది. అంతవరకు నీటికి పైన ఉన్న మరో రంధ్రం, సింకు నీళ్లు బయటికి పోయేదో, పంపు చిమ్మేదో, ఇప్పుడు నీటి కిందికి వస్తుంది. దాంట్లోంచి నీరు వెనక్కి తన్నడం మొదలైతే నెల రోజుల పని ఒక్క రాత్రిలో అయిపోతుంది. మనం పడవలో ఉంటే కాలికి తడి తగిలి తెలుస్తుంది. ఖాళీ పడవలో చూసేవాళ్లు ఉండరు. కాబట్టి దిగి వచ్చే ముందే రంధ్రాలన్నీ లెక్కపెట్టుకోవాలి.

ముందుగా అడుగున ఉండే వాల్వులు, అదే సీకాక్‌లు. ఇంజిన్ చల్లబరిచే నీటిది, టాయిలెట్‌ది, సింకుది మూసేయండి. పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు. మూసే ముందు రెండు మూడుసార్లు తిప్పి చూడండి, బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టొద్దు, విరిగితే అసలుకే మోసం. ఇత్తడి వాల్వుని కాస్త గీకితే పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తోందా? లోహంలోని జింకు పోయి గుల్లబారిందన్నమాట, మార్చాల్సిందే. గొట్టాలకు రెండేసి క్లిప్పులుండాలి. తుప్పు సాధారణంగా క్లిప్పు కింది వైపే మొదలవుతుంది, వేలితో తడిమితేనే తెలుస్తుంది. ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక లెక్క చూడండి: నీటిమట్టానికి అడుగు లోతులో 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకు పైగా లోపలికి వస్తాయి.

ఒక్క మినహాయింపు ఉంది, అది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే పైకప్పు లేని గుంటలో, పడ్డ వాన నీరు కొన్ని పడవల్లో అడుగు వాల్వు గుండానే బయటికి పోతుంది. ఒకసారి మహా జాగ్రత్తగా అన్నిటితోపాటు దాన్నీ మూసేసి వచ్చాను. తిరిగి వెళ్లేసరికి కాక్‌పిట్ తొట్టిలా నిండి, నీరు గది తలుపు గడప దాకా వచ్చేసింది. ఆ వాల్వు తెరిచే ఉంచాలి. అందుకే దాని గొట్టం, క్లిప్పులు మిగతావాటికన్నా గట్టివి వేయండి.

వాన తక్కువది కాదు. 2 చదరపు మీటర్ల కాక్‌పిట్ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్లు, అంటే ముగ్గురు మనుషులు వెనకవైపు ఎక్కి కూర్చున్నంత బరువు. తూము నోట్లో రెండు ఆకులు అడ్డం పడితే చాలు. పుల్లతో పొడిచి చూడటం కాదు, బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో పోతున్నాయో చూడండి. కాక్‌పిట్ మీద కవర్ కడితే బూమ్ (తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డకర్ర) మీదుగా రెండు వైపులా వాలుగా కట్టండి. మధ్యలో గుంట పడితే అదే చెరువవుతుంది. వెనక వేలాడే అవుట్‌బోర్డ్ మోటారును వీలైతే తీసి ఇంటికి తెచ్చుకోండి, వెనక భాగం తేలికపడి తూములు నీటికి పైన ఉంటాయి.

ఇక పడవ అడుగున చేరిన నీటిని తోడేసే, అందరూ నమ్ముకునే బిల్జ్ పంపు. నా దృష్టిలో అది కాస్త టైమ్ ఇచ్చేదే తప్ప పడవను కాపాడేది కాదు. 3 ఆంపియర్లు లాగే పంపు 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద ఆగకుండా తిరిగితే కాగితం మీద లెక్క 20 గంటలు, అసలు అంతకన్నా ముందే చేతులెత్తేస్తుంది. చిన్న సోలార్ ప్యానెల్ ఉంటే కొంత నయం. పంపు వైరు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి వెళ్లాలి, లేకపోతే మీరు స్విచ్ ఆపి దిగగానే పంపూ ఆగిపోతుంది. నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్‌ను చేత్తో పైకెత్తి చూడండి. పంపు చిమ్మే గొట్టం నీటిమట్టానికి బాగా పైకి లేచి, వంపు తిరిగి దిగాలి. లేదంటే ఆ గొట్టమే బయటి నీటిని లోపలికి లాగుతుంది.

తాళ్లు రెండు కట్టండి, ఒరుసుకునే చోట పాత గొట్టం తొడగండి. పడవను నీళ్లలో తేలే బోయకు కట్టి ఉంటే దాని కింది గొలుసును ఏడాదికోసారైనా దిగి చూడాలి, షాకిల్ (గొలుసును కలిపే U ఆకారపు కొక్కెం) పిన్నుకు వైరు చుట్టి బిగించాలి. జెట్టీకి కట్టిన పడవకు మరో గండం: తాడు పొట్టిదైతే ఆటులో పడవ వేలాడుతుంది, పక్కకు జరిగితే పోటులో అంచు జెట్టీ కింద ఇరుక్కుంటుంది. తెరచాపలు విప్పి లోపల పెట్టేయండి, చుట్టి వదిలేస్తే గాలికి విచ్చుకుంటాయి.

దిగేముందు అడుగుభాగం గుడ్డతో పొడిగా తుడవండి. అప్పుడే వచ్చేసారి కనిపించిన నీరు కొత్తదని తెలుస్తుంది. ఆ నీటి చుక్క ఒకటి అద్దం మీద ఆరనిచ్చి చూడండి. సముద్రం మీదైతే తెల్లని మరక మిగిలిందా, నీరు కింది నుంచి వస్తోంది. మరక లేకపోతే బహుశా వాన నీరే, పైన వెతకాలి.

దూరం నుంచే పడవ కిందికి దిగినట్టు కనిపిస్తే హడావుడిగా వెనకవైపు ఎక్కొద్దు, మీ బరువే మిగిలిన తూమును ముంచొచ్చు. మధ్యలో ఎక్కండి, మొదట వాల్వులు మూసి, నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూసి, తర్వాత తోడడం మొదలుపెట్టండి.