బంగారు పొడి పడినట్టే పడి మాయమైంది: నా అనుభవం

బంగారం వేరుచేద్దామని, పాత కంప్యూటర్ రామ్ కార్డుల అంచున ఉండే బంగారు పూత రేకులను ద్రవరాజంలో (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమం) కరిగించాను. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం. వడకట్టి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే, కరిగిన బంగారం గోధుమరంగు పొడిగా అడుగుకు చేరాలి. నాకేమో మబ్బులా కమ్మి, గాజు కడ్డీతో కలపగానే మాయమైంది. ఇంకా వేశాను. మళ్లీ అంతే. రెండు రోజులు నిద్ర పట్టలేదు.

తప్పు నైట్రిక్ దగ్గర జరిగింది. త్వరగా కరగాలని మొదట్లోనే మొత్తం పోసేశాను. వాడకం కాక మిగిలిన నైట్రిక్, పడిన బంగారాన్ని పడినట్టే తిరిగి కరిగించేస్తోంది.

మిగిలిన ఆ నైట్రిక్‌ను పోగొట్టడానికి సల్ఫామిక్ ఆమ్లం తెచ్చాను. ద్రావణాన్ని మరగనివ్వకుండా వేడిచేసి చిటికెడు చొప్పున వేశాను. నురగ బాగా పొంగుతుంది, పెద్ద బీకరు తప్పనిసరి. కొత్తగా వేసినా నురగ రాకపోతే నైట్రిక్ అయిపోయినట్టు. చల్లార్చి, వడకట్టి, మళ్లీ మెటాబైసల్ఫైట్ వేశాను. తెల్లారేసరికి పొడి అడుగున నిలిచి ఉంది! పైనున్న ద్రవం చుక్కకు స్టానస్ క్లోరైడ్ కలిపితే ఊదారంగు రాలేదు. అంటే ద్రావణంలో బంగారం మిగల్లేదు.

ఇప్పుడు నైట్రిక్‌ను డ్రాపర్‌తో కొన్ని చుక్కలే వేస్తాను, ఆ చుక్కల పని ఆగాకే మరికొన్ని.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ద్రవరాజంలో లోహం కరిగేటప్పుడు వచ్చే ఎర్రటి పొగ పీల్చినప్పుడు ఏమీ అనిపించకపోయినా, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం తీయగలదు. ఫ్యూమ్ హుడ్ (విషపు పొగను బయటికి లాగేసే ప్రయోగశాల అర) లేకుండా, వంటింట్లోనో డాబా మీదో మొదలుపెట్టకండి. బంగారం తీశాక మిగిలిన, రేకుల్లోని రాగి కరిగి ఉన్న ద్రావణాన్ని మురుగుకాలువలో పోయకండి.