మంచం పట్టిన మనిషికి వ్యాయామం: తేడా ఎక్కడ వస్తోంది?

కాలు వంచబోతే బిగదీసుకుంటున్నారు

పక్షవాతం వచ్చినవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. మొండికేస్తున్నారని విసుక్కుంటాం గానీ, చాలాసార్లు తప్పు మన చేతి వేగానిదే. కండరాన్ని ఒక్క ఊపున సాగదీస్తే అది తనంతట తానే ముడుచుకుంటుంది. బిగుసుకున్న చోటే ఆగండి, చెయ్యి మాత్రం తీయకండి. పట్టు సడలాక మళ్లీ మెల్లగా కదపండి. ఒక్కో కీలుకు 5 నుంచి 10 సార్లు, రోజుకు రెండు పూటలు చాలు.

పాదం కిందికి వాలిపోతోంది

దుప్పటిని ఎవరూ అనుమానించరు. వెల్లకిలా పడుకున్న మనిషి కాలివేళ్ల మీద దాని బరువు రాత్రంతా ఆనితే పాదం ముందుకు వాలుతుంది, రోజులు గడిచేకొద్దీ పిక్క కండరం కురచబడుతుంది. కాళ్ల దగ్గర దుప్పటిని వదులుగా వదిలేయండి.

ఇక వ్యాయామం. మోకాలు చాపి ఉంచి, మడమను అరచేతిలో ఇమిడేలా పట్టుకోండి. అదే చేతి ముంజేయి అరికాలికి ఆనాలి. మడమను మీ వైపు లాగుతూ, ముంజేతితో పాదాన్ని మోకాలి దిక్కుగా నెట్టి 20-30 సెకన్లు ఉంచండి. వేళ్లు పట్టుకుని వంచితే పాదం నడిమి భాగం వంగుతుందే తప్ప పిక్క సాగదు.

మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నారు

మోకాలి కింద పగలూ రాత్రీ ఉండే దిండు వల్లే కావచ్చు. హాయిగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. రోజూ కొన్ని గంటలు తీసేయండి.

చెయ్యి లేపితే భుజం నొప్పి

చచ్చుబడిన భుజంలో కీలును పట్టి ఉంచే బలం ఉండదు. మణికట్టు పట్టి లేపితే చేతి బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. ఒక చేత్తో మోచేతిని, మరో చేత్తో భుజం వెనుక రెక్క ఎముకను ఆదుకుంటూ లేపండి. భుజం ఎత్తు దాటించకండి. అన్నట్టు, మంచం మీద పైకి జరపడానికి చంకల్లో చేతులేసి లాగుతున్నారేమో చూసుకోండి. పొద్దున చేసిన వ్యాయామమంతా ఆ ఒక్క లాగుడుతో వృథా.

కూర్చోబెడితే కళ్లు తిరుగుతున్నాయి

పడుకునే ఉన్న శరీరం రక్తపోటును వెంటనే సర్దుకోలేదు. ముందు పాదాలను పైకీ కిందికీ ఆడించి, తలవైపు దిండ్లు ఒక్కొక్కటే పెంచుతూ, మధ్యలో కొన్ని నిమిషాలు ఆగండి.

ఒక్క కాలే వాచింది, పిక్క వేడిగా, నొప్పిగా ఉంది

ఇక్కడ వ్యాయామం వద్దు, మర్దన అసలే వద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ తోడైతే వెంటనే అంబులెన్సు పిలవండి.