విమానం దగ్గరకు వెళ్లే ముందు: గేటు వద్ద పనిచేసేవారికి జాగ్రత్తలు

విమానం రాకముందే స్టాండు (విమానం వచ్చి ఆగే చోటు) అంతా నడిచి చూసి, బోల్టు, ప్లాస్టిక్ కవరు, ఊడిన సూట్‌కేసు చక్రం వంటివి ఏవి కనిపించినా తీసివేయాలి. ట్రాలీలు, నిచ్చెనలు స్టాండు చుట్టూ నేలపై గీసిన గీతల వెలుపలే ఉండాలి.

విమానం ఆగినంత మాత్రాన ఇంజిన్లు ఆగినట్లు కాదు. ఇంజిన్లు నడుస్తున్నాయని హెచ్చరిస్తూ విమానంపై మెరిసే ఎర్ర బీకన్ లైటు ఆరి, బాధ్యుడైన వ్యక్తి అనుమతి ఇచ్చేవరకు, ఆలస్యమవుతోందని ఎవరు తొందరపెట్టినా ఇంజిన్ల వైపు అడుగు వేయరాదు. 2022 డిసెంబరు 31న అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ విమానాశ్రయంలో, సహాయక విద్యుత్ యూనిట్ (ఇంజిన్లు ఆపినా విమానానికి కరెంటు ఇచ్చే చిన్న యంత్రం) పనిచేయనందున గేటు వద్ద ఆగాక కూడా ఇంజిన్లు నడుస్తూనే ఉన్న ఎంబ్రాయర్ 175 విమానం ఒక ఉద్యోగినిని బలిగొంది. ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయని సిబ్బందికి ముందే రెండుసార్లు చెప్పారన్నది దర్యాప్తులో అన్నింటికన్నా బాధ కలిగించే విషయం. కాబట్టి ఆ యూనిట్ పనిచేయని రోజున హెచ్చరిక చెప్పి ఊరుకోకుండా, విన్న ప్రతి ఒక్కరి చేత దానిని తిరిగి చెప్పించుకోవాలి.

విమానాన్ని వెనక్కు నెట్టేటప్పుడు ప్రమాదం మరో రూపంలో వస్తుంది. 2015 డిసెంబరు 16న ముంబయిలో, హైదరాబాద్ బయలుదేరుతున్న ఎయిరిండియా విమానం ఇంజిన్ ఒక సాంకేతిక నిపుణుణ్ని లోపలికి లాగేసుకుంది. విమానానికి, దానిని నెట్టే ట్రాక్టరుకు దగ్గరగా ఉన్నవారందరూ దూరంగా జరిగారని కళ్లారా చూసుకున్న తరువాతే కాక్‌పిట్‌కు సంకేతం ఇవ్వాలి. సంకేతం స్పష్టంగా కనిపించకపోతే పైలట్ కదలకూడదు.

రెక్కల చివర్లను గమనించే మనుషులు ఇద్దరూ తమ చోట్లకు చేరకుండా నెట్టడం మొదలుపెట్టరాదు.