క్రిస్మస్ పిండివంటలు ఇంట్లోనే – 3వ భాగం: గులాబీ పువ్వులు

మొదటి భాగంలో కేకు కోసం డ్రై ఫ్రూట్స్ నానబెట్టాం, రెండో భాగంలో అరిసెల పాకం పట్టాం, ఇవాళ గులాబీ పువ్వులు. మా వైపు, అంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో క్రైస్తవుల ఇళ్లల్లో డిసెంబర్ వచ్చాక గుమ్మానికి స్టార్ కట్టడం ఎంత ఖాయమో ఈ పువ్వులతో డబ్బా నింపడం కూడా అంతే ఖాయం. కొందరు గులాబీ గుత్తులు అంటారు, ఆంగ్లో ఇండియన్ ఇళ్లల్లో రోజ్ కుకీస్, కేరళలో అచ్చప్పం, ఎక్కడైనా పద్ధతి మాత్రం ఒక్కటే, కాగిన అచ్చుని పిండిలో ముంచి నూనెలో పెట్టడం, అంతే. చెప్పడానికి ఇంత చిన్న పని గానీ చాలామంది అచ్చు కొనుక్కొచ్చి ఒకసారి ప్రయత్నించి, పిండి అచ్చుకే అంటుకుపోయి ఊడకపోతే విసుగొచ్చి దాన్ని అటక మీద పడేస్తారు. ఆ అటక మీద అచ్చు కిందకి దించండి, ఈ పాఠం మీకోసమే.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా. పువ్వు రాకపోతే అందరూ పిండిని తిడతారు, కొలత తప్పిందంటారు, ఇంకో గుడ్డు కొడతారు, ఇంకాస్త మైదా కలుపుతారు. పదిలో ఎనిమిదిసార్లు తప్పు పిండిది కాదండి, అచ్చు వేడిది. అచ్చు సరిగ్గా కాగి ఉంటే పిండి తగిలిన క్షణంలోనే ఆ తగిలిన పొర ఉడికి గట్టిపడి అచ్చుని పట్టుకుంటుంది, తర్వాత నూనెలోకి వెళ్లగానే పిండిలో ఉన్న నీళ్లు ఆవిరై బయటికి తోసుకొస్తాయి, ఆ ఆవిరే పువ్వుని అచ్చు నుంచి విడదీస్తుంది. అచ్చు చల్లగా ఉంటే పొర ఏర్పడదు, పచ్చి పిండి లోహానికి అతుక్కుని అక్కడే వేగుతుంది, ఇక ఊడదు. మరీ మండిపోయేంత కాగితే పిండి పట్టుకోకుండా చుయ్యిమని జారిపోతుంది, అచ్చు ఖాళీగా బయటికొస్తుంది. ఈ రెండింటి మధ్య వేడిని కళ్లతో, చెవులతో గుర్తుపట్టడమే ఇవాళ నేర్చుకోవాల్సిన పని, మిగతాదంతా మామూలు వంటే.

ముందు అచ్చు సంగతి చూద్దాం. ఇత్తడివి, ఇనపవి, అల్యూమినియంవి, నాన్‌స్టిక్‌వి దొరుకుతున్నాయి. నన్నడిగితే చేతికి బరువుగా తగిలేది తీసుకోండి, బరువున్న అచ్చు పిండిలో ముంచినా వేడి వెంటనే పోదు, తేలికపాటి అచ్చు ప్రతి పువ్వుకీ చల్లారిపోయి మీ ఓపికని పరీక్షిస్తుంది. కాడ పొడుగ్గా ఉండాలి, చివర చెక్క పిడి ఉంటే ఇంకా మంచిది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇండియన్ స్టోర్‌లో దొరకలేదని ఆగిపోకండి, అక్కడ స్కాండినేవియా వాళ్లు కూడా క్రిస్మస్‌కి ఇలాంటివే చేసుకుంటారు, రోసెట్ ఐరన్ అని అడిగితే దొరుకుతుంది, పని అచ్చం ఇలాగే చేస్తుంది.

కొత్త అచ్చయితే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి ఒక రాత్రంతా వదిలేయండి, మర్నాడు సన్న మంట మీద నూనెలో ఓ 15 నిమిషాలు ముంచి ఉంచండి, ఇలా చేస్తే లోహం నూనె పట్టి నున్నగా అవుతుంది. అయినా మొదటి రెండు మూడు పువ్వులు అంటుకుంటాయి, కంగారు పడకుండా పుల్లతో గీకి తీసేసి ముందుకెళ్లండి. వాడాక సబ్బు పెట్టి పీచుతో తోమకండి, వేడి మీదే పేపర్‌తో తుడిచి, పాత గుడ్డలో చుట్టి దాచుకోండి. ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోవద్దు, అచ్చు మీద నీటి చుక్క ఉండగా కాగే నూనెలో పెడితే నూనె మొహం మీదకి చిమ్ముతుంది, కాబట్టి కాడ మొదట్లో, రేకుల సందుల్లో కూడా తడి లేదని చూసుకున్నాకే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు పిండి. ఒక గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు మైదా, అర గ్లాసుకి కాస్త తక్కువగా పంచదార పొడి, ఒక గుడ్డు, ఒక గ్లాసు చిక్కటి కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు, అర చెంచా యాలకుల పొడి, ఒక చెంచా నువ్వులు. ఏ గ్లాసు తీసుకున్నా అన్నింటికీ అదే గ్లాసు. బియ్యప్పిండి షాపులో కొన్న పొడి పిండి చాలు, అరిసెలకి లాగా తడి పిండి అక్కర్లేదు, కాకపోతే సన్న జల్లెడ పట్టండి, రవ్వ ఉంటే రేకులు అక్కడక్కడా విరుగుతాయి. గుడ్డు, పంచదార కలిపి గిలక్కొట్టి, కొబ్బరిపాలు పోసి, తర్వాత పిండ్లు, ఉప్పు వేసి ఉండలు లేకుండా కలిపి, అనుమానం ఉంటే టీ వడకట్టే జాలీలో ఒకసారి వడకట్టేసి, అప్పుడు నువ్వులు, యాలకుల పొడి వేసి అరగంట పక్కన పెట్టండి. ఈ అరగంట తప్పించకండి, బియ్యప్పిండి తడి పీల్చుకోవడానికి టైం పడుతుంది, వెంటనే వేస్తే పువ్వు పెళుసుగా ముక్కలైపోతుంది.

అరగంట తర్వాత గరిటె ముంచి తీసి చూడండి. గరిటె వెనకవైపు పల్చటి పొరగా పట్టుకుని ఉండాలి, వేలితో గీత గీస్తే ఆ గీత కాసేపు అలాగే నిలవాలి. దోసెల పిండి కంటే కొంచెం జారు, బజ్జీల పిండి కంటే చాలా జారు. గట్టిపడితే నీళ్లు చెంచాలతో పోసుకుంటూ సరిచెయ్యండి, ఒక్కసారిగా పోసేయొద్దు. పంచదార దగ్గర చెయ్యి అదుపులో పెట్టుకోండి, తీపి ఇష్టమని ఎక్కువేస్తే పువ్వు లోపల వేగకముందే పైన నల్లబడుతుంది, అచ్చుకి కూడా జిగటగా అంటుకుంటుంది, రెండో రోజుకి మెత్తబడిపోతుంది. కరకర అంతా బియ్యప్పిండి వల్ల, పువ్వు విరక్కుండా నిలబడేది మైదా, గుడ్డు వల్ల. ఈ లెక్క తెలిస్తే మీరే కొలతలు అటూ ఇటూ మార్చుకోవచ్చు.

గుడ్డు లేకుండా కూడా చెయ్యాలి, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలని ఉంది. క్రిస్మస్ పిండివంటలు మన ఇంట్లో మనమే తినడానికి కాదు కదా, వీధిలో నాలుగిళ్లకి ప్లేటు వెళ్లాలి. డిసెంబర్‌లో ఆ నాలుగిళ్లల్లో ఒక ఇంట్లో ఎవరో అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు, ఇంకో ఇంట్లో ధనుర్మాసం అని గుడ్డు ముట్టరు. వాళ్లకి ఇచ్చే ప్లేటులో ఇదొక్కటి తియ్యండి అని వేలితో చూపించి ఇచ్చే పరిస్థితి తెచ్చుకోకూడదు. అందుకే గుడ్డు లేని పిండి విడిగా కలిపి, కొత్త నూనెలో మొదటి వాయిగా అదే వేయండి, దాని డబ్బా వేరే పెట్టండి. గుడ్డు మానేసినప్పుడు ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ వేసి, కొబ్బరిపాలు ఇంకొంచెం పోసి జారు సరిచూసుకుంటే చాలు, పువ్వు కొంచెం పెళుసుగా వస్తుంది గానీ రుచిలో ఏమీ తగ్గదు, నాకైతే కొబ్బరి వాసన ఇందులోనే బాగా తెలుస్తుందనిపిస్తుంది. పాల పదార్థం కూడా లేదు కాబట్టి పాలు పడనివాళ్లు కూడా తినొచ్చు.

ఇక పొయ్యి దగ్గరికి. వెడల్పు మూకుడు వద్దు, చిన్నది, లోతుగా ఉన్నది తీసుకోండి, నూనె తక్కువ పడుతుంది. అచ్చు మునిగి కూడా అడుగుకి తగలనంత లోతు నూనె ఉండాలి. పిండి కూడా పళ్లెంలో కాదు, లోతైన గిన్నెలో పెట్టుకోండి. నూనె మీడియం మంట మీద కాగాక ఒక చుక్క పిండి వేస్తే అడుగుకి పోయి వెంటనే పైకి రావాలి, వచ్చాక రంగు మారడానికి కాస్త టైం తీసుకోవాలి, థర్మామీటర్ ఉన్నవాళ్లకి 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. అచ్చుని నూనెలోనే పెట్టి కనీసం 3, 4 నిమిషాలు నూనెతో పాటే కాగనివ్వండి, ఇక్కడే తొందరపడి అందరూ దెబ్బతింటారు.

అచ్చు పైకెత్తి, నూనె మూకుడులోనే కారనిచ్చి, ఒక్కసారి విదిలించి, పిండిలో ముప్పావు వంతే ముంచండి. అచ్చు పై అంచు దాటి పిండి పైకి ఎక్కకూడదు, ఎక్కిందంటే పైన మూతలాగా బిగుసుకుని పువ్వు ఎప్పటికీ ఊడదు. ముంచగానే సన్నగా చుయ్‌మని శబ్దం రావాలి, ఆ శబ్దమే మీ గుర్తు. శబ్దం రాలేదంటే అచ్చు చల్లగా ఉంది, మళ్లీ నూనెలో పెట్టండి. గట్టిగా చిటపటలాడి పిండి జారిపోయిందంటే ఎక్కువ కాగింది, గాల్లో కాసేపు పట్టుకుని ముంచండి. మూడు నాలుగు సెకన్లు పిండిలో ఉంచి తిన్నగా పైకి తీసి నూనెలో పెట్టండి, అడుగుకి ఆనించొద్దు, చేత్తో పట్టుకునే ఉండండి. 15, 20 సెకన్లకి అంచులు గట్టిపడతాయి, అప్పుడు కాడని మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తే పువ్వు దానంతటదే జారి నూనెలో తేలుతుంది. కాస్త మొండికేస్తే వెదురు పుల్లతో ఒక మూల నెట్టండి, కత్తి పెట్టకండి. పువ్వు విడిచిన వెంటనే అచ్చు మళ్లీ నూనెలోకే పోవాలి, బయట గట్టు మీద పెట్టొద్దు, తర్వాతి పువ్వుకి అది కాగుతూ ఉండాలి.

పువ్వుని ఒకసారి తిరగేసి, బుడగలు చూస్తూ ఉండండి. మొదట నురగలా బుడగలొస్తాయి, అది లోపలి నీళ్లు పోవడం, బుడగలు బాగా తగ్గి నూనె ప్రశాంతంగా అయిందంటే తడి పోయినట్టే, రంగు లేత బంగారు రంగులో ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది. తీసేటప్పుడు మెత్తగానే ఉంటుంది, వేగలేదని మళ్లీ వేయకండి, చల్లారితేనే కరకరలాడేది. వేడిగా ఉండగా చిన్న గిన్నె బోర్లించి దాని మీద పెడితే రేకులు వంగి నిజమైన పువ్వు ఆకారం వస్తుంది, ఇది పిల్లలకి అప్పజెప్పదగ్గ పని, కాకపోతే పొయ్యికి దూరంగా కింద పేపర్లు పరిచి కూర్చోబెట్టండి, ఒకరు ముంచడం, ఒకరు తీయడం, పిల్లలు సర్దడం అనుకుంటే క్యారల్స్‌కి వెళ్లే టైంకి పని తేలిపోతుంది.

మధ్యమధ్యలో పిండిని అడుగు నుంచి కలపడం మర్చిపోకండి, బియ్యప్పిండి కిందకి దిగిపోయి పైన నీళ్లు తేలుతుంది, మొదటి పది పువ్వులు బాగా వచ్చి తర్వాత పాడయ్యాయని చెప్పేవాళ్లందరికీ కారణం ఇదే. చివర్లో పిండి తగ్గి అచ్చు మునగకపోతే చిన్న గ్లాసులోకి ఒంపుకోండి. పువ్వు అచ్చు నుంచి ఊడుతూనే ముక్కలైతే పిండి మరీ జారుగా ఉంది, ఒక చెంచా మైదా కలపండి. మందంగా వచ్చి లోపల మెత్తగా ఉంటే చిక్కగా ఉంది, రెండు చెంచాల నీళ్లు పోయండి. నూనె పీల్చుకుంటే మంట తక్కువైంది.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, గోరువెచ్చగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి రాత్రికే మెత్తబడతాయి. స్టీలు డబ్బాలో గాలి చొరకుండా పెడితే రెండు వారాలు నిల్వ ఉంటాయి కాబట్టి 18, 19 తారీఖుల్లోనే చేసేసుకోవచ్చు, 23, 24 తారీఖుల్ని కేకుకి వదిలేయండి. మెత్తబడ్డాయనిపిస్తే ఓవెన్‌లో సన్న వేడి మీద ఓ 5 నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. ప్లేటు సర్దేటప్పుడు అరిసెల మీద వీటిని నేరుగా పెట్టొద్దు, అరిసెల్లో తడి, నూనె వీటికి పట్టేస్తుంది, మధ్యలో బటర్ పేపర్ వేసి, బరువైనవన్నీ కింద, పువ్వులు అన్నింటికంటే పైన పెట్టండి. దూరంలో ఉన్న చుట్టాలకి పార్సిల్ పంపాలంటే మాత్రం ఇవి వద్దు, ముక్కలై చేరతాయి, వాళ్లకి గవ్వలు పంపుకోవచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది: పైన చెప్పిన కొలతలో సగం పిండి కలపండి. సగం గుడ్డు కష్టం కాబట్టి గుడ్డు లేని పద్ధతిలోనే కలిపి, ఒక పువ్వు కావాలనే అచ్చు సరిగ్గా కాగకముందు వేసి చూడండి, ఇంకోటి బాగా కాగాక వేయండి. రెండు శబ్దాల తేడా ఒక్కసారి చెవిన పడితే చాలు, తర్వాత ఎప్పుడూ తడుముకోరు. వచ్చే భాగంలో కజ్జికాయలు, వేగేటప్పుడు నూనెలో విచ్చుకోకుండా అంచు మడత ఎలా వెయ్యాలో చూద్దాం. దానికి ఒక ఎండు కొబ్బరి చిప్ప, పావు కిలో బొంబాయి రవ్వ, కాసిని గసగసాలు తెచ్చి పెట్టుకోండి, కొబ్బరి మాత్రం ముందే తురిమి పెట్టకండి, చేసే రోజు తురుముకుందాం.