బారాత్ గుర్రానికి రంగులేస్తే వచ్చే తిప్పలు, వాటికి మందు

మాకు నాలుగు గుర్రాలున్నాయి. ముహూర్తాలున్నప్పుడు బారాత్‌లకి, మిగతా రోజుల్లో స్కూల్ ఫంక్షన్లకి పంపుతాం. మెడ మీద పువ్వులు గీయమంటారు కొందరు, జీబ్రా చేసిపెట్టమంటారు ఇంకొందరు. రంగేయడం అరగంట పనే, తిప్పలన్నీ ఆ తర్వాతే.

సమస్య: తోలు జలదరిస్తోంది, గోడకి రుద్దుకుంటోంది, దద్దుర్లు లేచాయి

ముందు డబ్బా చూడండి. తలకేసుకునే నల్ల డై (అందులో ఉండే పీపీడీ అనే కెమికల్ కొందరు మనుషులకే పడదు), బండ్లకి కొట్టే స్ప్రే, ఎనామిల్, లూజుగా అమ్మే హోలీ రంగు, వీటిలో ఏది వాడినా ఇదే గతి. వెంటనే మామూలు నీళ్ళు ధారగా పోసి కడిగేయండి, బ్రష్షు పెట్టి తోమొద్దు. మూతి వాచినా ఊపిరికి కష్టపడుతున్నా డాక్టర్‌ని పిలవండి, డబ్బా పారేయకుండా ఆయనకి చూపించండి.

ఇంకోసారి ఇలా కాకుండా ఉండాలంటే వాషబుల్ అని రాసున్న పిల్లల పెయింటే తీసుకోండి, తెలుపు కావాలంటే కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పూస్తే చాలు. ముందురోజే భుజం మీద రూపాయి బిళ్ళంత రాసి 24 గంటలు చూడండి. తెల్ల గుర్రమైతే వెంట్రుకలు తడిపి కింద చర్మం చూడండి, చాలావాటికి నల్లగానే ఉంటుంది, ఎందుకంటే అవి ముదురు రంగులో పుట్టి వయసుతో తెల్లబడ్డవి. చర్మం గులాబీ రంగులో ఉంటే అది సున్నితం, దానికి రంగే వద్దంటాను నేను.

సమస్య: రంగు కారిపోతోంది

చెమట. గుర్రం చెమటలో సబ్బులా నురగొచ్చే ప్రోటీన్ ఒకటుంటుంది, పట్టీలు రాసుకునే చోట తెల్లగా నురగ కడుతుంది చూడండి, అదే. మేం ఒకసారి తెలివితక్కువగా జీను అంచు దాకా నీలం తీగలు గీశాం, డప్పులు మొదలై అరగంట కాలేదు, నురగ నీలంగా తేలింది, పెళ్ళికొడుకు తెల్ల పైజామాకి మోకాళ్ళ లోపలివైపు రెండు నీలం మచ్చలు. వాళ్ళత్తగారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. జీను, పట్టీలు, కళ్ళెం తగిలే చోట గీయకండి, గీతకి గీతకి మధ్య బాగా ఆరనివ్వండి.

సమస్య: నిలబడే ఆయాసపడుతోంది

ఇది అన్నిటికన్నా ప్రమాదం. గుర్రం ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా చెమట ఆరడం వల్లే, మందంగా పూత పూస్తే ఆ దారి మూసినట్టే. నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, అంతకన్నా బాగా ఎక్కువుంటే జీను దించి నీడకి తీసుకెళ్ళి ఒళ్ళంతా చల్లనీళ్ళు పోస్తూనే ఉండండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఒళ్ళంతా రంగేయమని పార్టీ ఎంతిస్తానన్నా ఒప్పుకోకండి. జీబ్రా అంటే పలచటి చారలు చాలు (జపాన్‌లో ఆవులకి ఇలా చారలేసి చూస్తే కుట్టే ఈగలు సగానికి తగ్గాయట, 2019 నాటి ముచ్చట).

సమస్య: రంగేస్తుంటే బెదిరిపోతోంది

స్ప్రే డబ్బా బుస్సుమంటుంది, పాము బుసకొట్టినట్టే దానికి. స్పాంజితో వేయండి, ఒకరు తాడు పట్టుకుని మాట్లాడుతూ ఉండాలి. వెనక నిలబడి వేయకండి, పక్కన భుజం దగ్గర నిలబడండి.

సమస్య: కళ్ళు నీరు కారుతున్నాయి, రంగు నాకేస్తోంది

మెరుపుల పొడి అసలు వద్దు. కళ్ళు, ముక్కు, మూతి, చెవుల లోపల రంగు తగలకూడదు, నోరందే చోట కూడా వద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు, మింగింది మింగినట్టే. పక్కన కట్టిన గుర్రం కూడా నాకుతుంది, విడిగా కట్టండి.

సమస్య: మరక పోవట్లేదు

పసుపు, ఫుడ్ కలర్ తెల్ల వెంట్రుకని పట్టేస్తాయి. కిరోసిన్, థిన్నర్ ముట్టుకోవద్దు, చర్మం కాలిపోతుంది. షాంపూతో రెండు మూడుసార్లు కడిగి వదిలేయండి, బొచ్చు రాలి కొత్తది వచ్చేటప్పుడు అదే పోతుంది, ఈలోపు ఫంక్షన్ ఉంటే మరక మీద కార్న్‌ఫ్లోర్ అద్దండి.

బారాత్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంటవుతుంది, పొద్దున కడుగుదాంలే అనిపిస్తుంది. అప్పటికి రంగు బిరుసెక్కి వెంట్రుకల్ని లాగుతుంటుంది. రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్ళు, షాంపూ ముందే బండిలో పెట్టుకుని వెళ్ళండి.